నాన్నకు షుగర్ పడిపోతే గుర్తుపట్టింది మందుల కొట్టాయన. అసలు మెడికల్ షాపులో మనం ఏమేం అడగొచ్చు?

తణుకు పెద్దమ్మాయి:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక పట్టి చదవండి. ఇక్కడ మందుల షాపు నడిపేవాళ్లు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

మాది తణుకు. నేను ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉంటాను. అక్కడ అమ్మా నాన్నా ఇద్దరే. నాన్నకు 71, లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. షుగర్ వచ్చి 14 ఏళ్లు. అమ్మకు 65. బీపీ, థైరాయిడ్ రెండూ ఉన్నాయి. మా వీధి మలుపులో ఒక మందుల కొట్టు ఉంది. నేను ఇంటర్ చదివేటప్పుడు తెరిచారు. ఆయన్ని బాబాయిగారూ అని పిలుస్తాను.

ఇద్దరి మందులకూ నెలకు మూడు వేలు దాటుతోంది. మూడు నెలల కిందట నేనే ఫోన్‌లో ఆర్డరు పెట్టడం మొదలెట్టాను. "మన కొట్టు ఉందిగా అమ్మా" అని నాన్న ఒకటికి రెండుసార్లు అన్నారు. నేను వినలేదు. పోయిన నెల ఆర్డరు పెడుతుంటే అదే మందు వేరే కంపెనీది సగం ధరకు కనిపించింది. అది నొక్కాను. ఆ సంగతి నాన్నకు చెప్పలేదు.

పోయిన మంగళవారం సాయంత్రం నాన్న దూది కొనడానికి కొట్టుకి వెళ్లారు. ఏదో అడగబోతే మాట తడబడిందట. చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయి ఉంది. చేతులు వణుకుతున్నాయి. బాబాయిగారు కౌంటర్ ఇవతలకి వచ్చి స్టూలు మీద కూర్చోబెట్టి, వేలు గుచ్చి చూస్తే షుగర్ 52. గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి తాగించారు. పావుగంట ఆగి మళ్లీ చూస్తే 81. బిస్కెట్లు తినిపించి, కొట్టు కుర్రాడికి అప్పజెప్పి, తన బండి మీద ఇంటికి తీసుకొచ్చారు.

ఇంటికొచ్చాక ఆయన వెళ్లిపోలేదు. "మాస్టారూ, మీరు వేసుకునే మందులన్నీ ఒకసారి చూపించండి" అన్నారు. అమ్మ స్టీలు డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించింది. అందులో రెండు షీట్లు. పేర్లు వేరు, రంగులు వేరు. కింద సన్నటి అక్షరాల్లో ఉన్న మందు మాత్రం ఒకటే, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ల. పాతది ఆయన కొట్టులో కొన్నది, కొత్తది నేను తెప్పించింది. డాక్టరుగారు కొత్తగా కలిపారేమో అనుకుని నాన్న నాలుగు రోజులుగా రెండూ వేసుకుంటున్నారు.

బాబాయిగారు అక్కడి నుంచే డాక్టరుగారికి ఫోన్ చేశారు. ఆ మందు పని చాలాసేపు ఉంటుంది, మళ్లీ పడిపోవచ్చు, రాత్రి తొమ్మిదింటికీ తెల్లవారుజామున మూడింటికీ చూడండి, 70 కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి అన్నారట. మిషను బాబాయిగారే ఇచ్చి వెళ్లారు. మూడింటికి అమ్మ లేచి చూసింది, 96. నాకు ఈ కథంతా మర్నాడు పొద్దున తెలిసింది. వెంటనే బస్సెక్కాను.

ఇప్పుడు నా సందేహాలు. మందుల కొట్టు అంటే మందులు అమ్మేచోటు అనే ఇన్నాళ్లూ అనుకున్నాను. బీపీ, షుగర్ చూడటం, మందులన్నీ ముందేసుకుని సరిచూడటం వాళ్ల పనిలో భాగమా, లేక బాబాయిగారు మంచితనం కొద్దీ చేశారా? మనం అడగొచ్చా, డబ్బులివ్వాలా? అక్కడ కూర్చున్నాయన నిజంగా ఫార్మసీ చదివినాయనో కాదో ఎలా తెలుస్తుంది? అమ్మకు బీ12 ఇంజెక్షన్ రాశారు, అది అక్కడే వేయించుకోవచ్చా? ఇంకొకటి, ఇది అడగడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. ఇంత జరిగాక కూడా డబ్బు లెక్క చూసుకోక తప్పడం లేదు. మొత్తం మళ్లీ అక్కడే కొనాలా?

---

నరసరావుపేట మందుల షాపు:

అమ్మా, మీ నాన్నగారు క్షేమంగా ఉన్నందుకు సంతోషం. మూడింటికి లేచి చూడమన్నారు చూడండి, ఆ మాట చెప్పిన డాక్టరుగారికీ, మిషను ఇచ్చి వెళ్లిన మీ బాబాయిగారికీ దణ్ణం పెట్టాలి. గ్లిమెపిరైడ్ రకం మందు ఎక్కువైతే చక్కెర నీళ్లతో అప్పటికి లేచి కూర్చుంటారు, నాలుగైదు గంటల తర్వాత నిద్రలోనే షుగర్ మళ్లీ పడిపోవచ్చు. పెద్దవాళ్లలో, కిడ్నీ కొంచెం మందగించినవాళ్లలో ఇంకా ప్రమాదం. చాలామంది "లేచి కూర్చున్నాడు కదా" అని వదిలేస్తారు.

నేను డి.ఫార్మసీ చేసి 26 ఏళ్లుగా షాపు నడుపుతున్నాను. మీరడిగినవాటికి నాకు తెలిసింది చెబుతాను.

మీ బాబాయిగారు చేసింది మంచితనమే, కానీ అది మా పనిలో భాగం కూడా. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు రాసిన మందు చేతికివ్వాల్సింది రిజిస్టరైన ఫార్మసిస్టే. 2015లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన నిబంధనల్లో మందు ఎలా వాడాలో రోగికి చెప్పడం కూడా ఫార్మసిస్టు బాధ్యతే అని రాసుంది. తెల్ల కోటు వేసుకోవాలి, పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ఉన్న బ్యాడ్జి పెట్టుకోవాలి అని కూడా ఉంది. షాపు లైసెన్సు జనానికి కనబడేలా గోడకి తగిలించాలి. అందులో ఫార్మసిస్టు పేరు ఉంటుంది. ఆ పేరుగలాయన ఎదురుగా ఉన్నాడా లేదా చూసుకోండి. "ఫార్మసిస్టుగారు ఎవరండీ?" అని అడిగితే తప్పేం లేదు. నన్నెవరైనా అలా అడిగితే నాకు సంతోషం. అడిగేవాళ్లు ఏడాదికి ఇద్దరు కూడా ఉండరు.

బీపీ, షుగర్ చూడటం చాలా షాపుల్లో ఉంది. నేను బీపీకి డబ్బు తీసుకోను. షుగర్‌కి స్ట్రిప్పు ఖర్చు తీసుకుంటాను. కానీ చూసే పద్ధతి ముఖ్యం. ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చి, చెయ్యి చాపి "బీపీ చూడవయ్యా" అంటే నేను చూడను. ఐదు నిమిషాలు కూర్చోమంటాను. అరగంట లోపల కాఫీ, బీడీ ఉండకూడదు. వీపు కుర్చీకి ఆనాలి, కాళ్లు నేల మీద ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, మాట్లాడకూడదు. ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ పుస్తకంలో రాసిస్తాను. షుగర్‌కైతే ముందు చేతులు కడిగిస్తాను. మామిడి పండు తిన్న వేలు గుచ్చితే ఎంత ఎక్కువ చూపిస్తుందో మా వీధిలో అందరికీ తెలుసు. ఆ అంకెలు డాక్టరుకి చూపించడానికి పనికొస్తాయి. వాటిని చూసి నేను బిళ్ల పెంచకూడదు, తగ్గించకూడదు, ఆపకూడదు. అలా చేసే షాపు ఉంటే దూరంగా ఉండండి.

ఇంజెక్షన్ సంగతి. వేయడం మా పని కాదమ్మా. మందూ సిరంజీ కొనుక్కుని నర్సు ఉన్నచోట వేయించుకోండి. పల్లెల్లో షాపు వెనక బల్ల మీద పడుకోబెట్టి వేస్తారు. ఎప్పుడో ఒకరికి పడకపోతే కాపాడే సరంజామా అక్కడ ఉండదు.

ఇక మీ నాన్నగారికి జరిగిన విషయం. ఒకే మందు రెండు పేర్లతో ఇంట్లో ఉండటం అన్నది నేను వారానికి ఒకటైనా చూస్తాను. చీటీలో రాసిన షెడ్యూల్ హెచ్ మందు (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందు) బదులు ఇంకో కంపెనీది మేం ఇవ్వడానికి నిబంధన ఒప్పుకోదు. దాని మీద జనం మాతో గొడవపడతారు, "అదే మందు కదా, ఇచ్చేయ్" అని. అదే మందే, నిజమే. కానీ పేరు మారితే ఇంట్లో ఒకరికి అర్థమవుతుంది, ఇంకొకరికి అవదు.

ఒక సంగతి చెబుతాను. ఏడెనిమిదేళ్ల కిందటిది, ఇప్పటికీ తలచుకుంటే గుండె ఝల్లుమంటుంది. పక్క పల్లె నుంచి ఒక పెద్దావిడ కీళ్లవాతానికి మందు వాడుతుంది. మెథోట్రెక్సేట్. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన బిళ్ల. ఆమె మనవడు పది బిళ్లల షీటు తీసుకెళ్లి, పదో రోజుకే వచ్చి "ఇంకో షీటు ఇవ్వండి" అన్నాడు. పది వారాలు రావాల్సింది. రద్దీ ఎక్కువుంది, చెయ్యి షెల్ఫు మీదకి వెళ్లింది కూడా. ఏదో తోచి ఆగి, "నోట్లో పుండ్లు ఉన్నాయా నాయనమ్మకి?" అని అడిగాను. "అన్నం తినలేకపోతోంది అంకుల్, మూడు రోజుల నుంచి మజ్జిగే" అన్నాడు. రోజూ వేస్తున్నారు. ఆ మందు రోజూ పడితే రక్తకణాలు పడిపోతాయి. అప్పటికప్పుడు గుంటూరు పెద్దాసుపత్రికి పంపించాను. పదిహేను రోజులు ఉన్నారు. బతికింది. అప్పటి నుంచి ఆ మందు ఇచ్చేటప్పుడు షీటు మీద "ఆదివారం మాత్రమే" అని స్కెచ్ పెన్నుతో రాసి, తీసుకెళ్లేవాళ్లతో చదివించి పంపుతాను. డాక్టరు వేరే రోజు చెబితే ఆ రోజు పేరు రాస్తాను.

ఇది చదువు లేకపోవడం వల్ల జరిగేది కాదు. ఆయాసానికి మిషనులో పెట్టి పీల్చే క్యాప్సూల్ ఇస్తాం. దాన్ని నీళ్లతో మింగేస్తున్నవాళ్లలో ఒక బ్యాంకు మేనేజరుగారు కూడా ఉన్నారు. రెండు నెలలు మింగి, మందు పని చేయడం లేదని డాక్టరుని మార్చారు. ఖాళీ మిషను షాపులో ఒకటి పెట్టుకున్నాను, పీల్చి చూపించడానికి. మీ ఇంట్లో ఎవరికైనా ఇన్‌హేలర్ గానీ, ఇన్సులిన్ పెన్ను గానీ రాస్తే "ఒకసారి చేసి చూపించండి" అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

అమ్మగారికి బీపీకి టెల్మిసార్టన్ రాసి ఉంటే, వారం రోజులవి ఒకేసారి షీటులోంచి ఒలిచి ప్లాస్టిక్ డబ్బా గడుల్లో పోయొద్దు. ఆ బిళ్ల గాలిలో తేమ పీల్చుకుంటుంది. థైరాయిడ్ బిళ్ల పరగడుపున నీళ్లతో వేసుకోవాలి, కాఫీ, టిఫిన్ అరగంట నుంచి గంట తర్వాత. కాల్షియం, ఐరన్ బిళ్లలు దానికి నాలుగు గంటల ఎడం. ఈ ఎడం పాటించక డోసు పెంచుకుంటూ పోయినవాళ్లు ఎంతోమంది.

నేను ఇవ్వననేవి కూడా చెప్పాలి. "జలుబుకి యాంటీబయాటిక్ రెండు డోసులు ఇవ్వు" అంటే ఇవ్వను. అలాంటి కొన్ని మందులు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే ఇంకా కట్టుదిట్టమైన జాబితాలో ఉన్నాయి. అవి అమ్మితే రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. దగ్గు మందు కోసం అదే మనిషి మూడోసారి వస్తే సీసా ఇవ్వను, తెమడ పరీక్షకి ప్రభుత్వ ఆసుపత్రికి పంపిస్తాను. అక్కడ ఉచితం. రెండు వారాలు దాటిన దగ్గుని సీసాలతో దాచిపెట్టకూడదు.

విరేచనాలకి ఓఆర్‌ఎస్ అడిగి, తియ్యటి డబ్బా పానీయం తీసుకెళ్లేవాళ్లని ఆపీ ఆపీ నోరు నొప్పెట్టేది. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని ఆదేశించింది. దానికోసం ఏళ్లుగా పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు. ఇప్పుడు లీటరు పొట్లం ఇచ్చి, "లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి, గ్లాసులో చిటికెడు వేసి కాదు" అని చెప్పడం ఒక్కటే మిగిలింది.

డబ్బు గురించి సిగ్గుపడాల్సిన పనేం లేదు. ప్రభుత్వం గరిష్ఠ ధర కట్టిన మందుల్లో చిల్లర షాపుకి లెక్కగట్టిన మార్జిన్ 16 శాతం. అందులోంచే అద్దె, కరెంటు, కుర్రాడి జీతం. ఆన్‌లైన్ వాళ్లంత తగ్గింపు మేం ఇవ్వలేం. మీ డాక్టరుగారితో "జన ఔషధిలో దొరికేది రాయండి" అని చెప్పండి. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ లాంటి రోజువారీ మందులు అక్కడ కంపెనీ పేర్ల మందుల కంటే బాగా తక్కువకు వస్తాయి. నా వ్యాపారం పోతుందని తెలిసీ చెబుతున్నాను. ఎక్కడ కొన్నా మందులన్నీ ఒకే మనిషి కంట పడాలి. నెలకొకసారి సంచీలో వేసుకుని మీ బాబాయిగారి దగ్గరకి వెళ్లమనండి. ఆయన కాదనరు.

---

ఖమ్మం నుంచి:

పెద్దాయన చెప్పింది బాగుంది. కానీ అందరూ అట్ల ఉండరు. నా అనుభవం కూడా రాస్తున్న, చదివేవాళ్లకు ఉపయోగపడాలని.

మా అమ్మకు నడుము కాడ తామర వచ్చింది. పొలం పని, తడి చీర, ఎండాకాలం. మా ఊరి దగ్గరి షాపులో ఒక పిల్లగాడు మలాము ట్యూబు ఇచ్చిండు. చీటీ అడగలే, ఏం చెప్పలే. రాసిన మూడు రోజులకే దురద పోయింది. అమ్మ సంబరపడ్డది, ఇంకో రెండు ట్యూబులు తెప్పించుకున్నది. ఆపిన వారానికి రెండింతలై తిరిగొచ్చింది, పొట్ట మీదికి, తొడల మీదికి పాకింది. రెండు నెలలు అట్లనే రాసింది. చర్మం డాక్టరు దగ్గరికి తీసుకపోతే ట్యూబు చూసి తల పట్టుకున్నడు. అందులో గట్టి స్టెరాయిడ్ ఉన్నదట. దురదను అణుస్తది, తామరను పెంచుతది. చర్మం కాగితం లెక్క పల్చబడ్డది, తెల్ల గీతలు పడ్డయి. పూర్తిగా తగ్గనీకి ఐదు నెలలు పట్టింది. ఆ గీతలు ఇప్పటికీ పోలే.

ఆ షాపు గోడ మీద సర్టిఫికెట్ ఉన్నది. ఫొటోలో మనిషిని నేను ఒక్కనాడు కూడా చూడలే. జ్వరం గోలీలు అడిగితే నాలుగు రకాలు కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తరు. పేరుండదు, తారీఖుండదు. మా అసోంటోళ్లకు అదే దవాఖాన. కూలి పోగొట్టుకుని ఖమ్మం పోలేక అక్కడికి పోతం. తణుకు అక్కయ్యా, మీ బాబాయి మంచోడు. మంచోడు దొరకనోళ్లు ఏం చెయ్యాలె?

---

లెస్టర్ తెలుగువాడు:

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను, పుట్టింది ఏలూరులో. ఇక్కడ ఎలా ఉందో క్లుప్తంగా చెబుతాను, పోల్చి తక్కువ చేయడానికి కాదు.

2024 జనవరి 31 నుంచి ఇక్కడ ఫార్మసీ ఫస్ట్ అని నడుస్తోంది. గొంతునొప్పి, సైనస్, పిల్లల చెవినొప్పి, పురుగు కుట్టి చీము పట్టడం, పెచ్చులు కట్టే చీము పుండ్లు (ఇంపెటిగో), సర్పి, ఆడవాళ్లకు మూత్రంలో మంట. ఈ ఏడింటికి డాక్టరు దగ్గరికి వెళ్లకుండా ఫార్మసిస్టే చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇవ్వగలరు. వయసు, లక్షణాల నియమాలు ఉన్నాయి. మా అబ్బాయికి ఆరేళ్లు. శనివారం చెవినొప్పితో ఏడుస్తుంటే తీసుకెళ్లాను. లోపలి గదిలో కూర్చోబెట్టి, పరికరంతో చెవిలోకి చూసి, జ్వరం చూసి, ఇప్పుడు యాంటీబయాటిక్ అక్కర్లేదని నొప్పికి చుక్కలు ఇచ్చారు. తగ్గకపోతే ఎప్పుడు రావాలో కూడా చెప్పారు. ఆ వివరం మా డాక్టరుకి కూడా పంపారు.

నాకు బాగా నచ్చింది వేరే. నాకు 46, పోయినేడు బీపీ మందు మొదలెట్టారు. ఇలా కొత్త మందు మొదలెట్టినవాళ్లని మొదటి నెలలో ఫార్మసిస్టు రెండుసార్లు పలకరించే పద్ధతి ఉంది. రెండో ఫోన్‌లో ఆయన "చీలమండలు వాస్తున్నాయా?" అని అడిగారు. వాస్తున్నాయి, కానీ ఎక్కువసేపు కుర్చీలో కూర్చోవడం వల్ల అనుకుంటున్నాను. ఆమ్లోడిపిన్ వల్ల అట. మందు మార్చారు. ఆయన అడగకపోతే నేను చెప్పి ఉండేవాణ్ని కాదు, నాలో నేనే మందు మానేసేవాణ్ని.

ఏలూరులో మా నాన్నకి ఇలా ఫోన్ చేసేవాళ్లెవరూ లేరు. ఆదివారం ఆదివారం నేనే చేస్తున్నాను. "మందులేసుకున్నారా?" అని మాత్రం అడగను. "షీటు చేతిలోకి తీసుకోండి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి" అంటాను.

---

నరసరావుపేట మందుల షాపు:

ఖమ్మం తమ్ముడూ, నువ్వు రాసింది చదివి బాధేసింది. నీ మాటలో తప్పు లేదు. సర్టిఫికెట్ ఒకరిది, కౌంటర్లో ఇంకొకరు, ఇది మా వృత్తికి పట్టిన చీడ. స్టెరాయిడ్ ఉన్న మలాములు కొన్నింటిని చీటీ ఉంటేనే ఇవ్వాలని 2018లో కేంద్రం నిబంధన కూడా మార్చింది. అయినా అమ్ముతున్నారు, ఎందుకంటే మూడు రోజుల్లో దురద పోతే ఆ షాపు మందు మంచిదని పేరొస్తుంది.

నువ్వు చేయగలిగినవి చెబుతాను. ప్రతిసారీ బిల్లు అడుగు. బిల్లులో మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉండాలి, ఫార్మసిస్టు సంతకం ఉండాలి. బిల్లు అడిగేవాడికి కాగితంలో చుట్టిన గోలీలు ఇవ్వడానికి జంకుతారు. షీటు కోసి ఇవ్వాల్సి వస్తే పేరూ తారీఖూ ఉన్న ముక్క అడిగి తీసుకో. మలాము కొంటే డబ్బా మీద క్లోబెటాసోల్, బీటామెథసోన్, మోమెటాసోన్ అన్న పేర్లు ఉన్నాయేమో చూడు. ఉంటే తామరకు వద్దు. ఫిర్యాదు జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి రాసివ్వొచ్చు, అది ఔషధ నియంత్రణ పరిపాలన విభాగం కిందకి వస్తుంది. మందు పడక ఏదైనా జరిగితే 1800-180-3024కి మనమే ఫోన్ చేసి చెప్పొచ్చు. టోల్ ఫ్రీ నంబరే. డాక్టర్లే చేయాలని లేదు.

అంతకంటే నా దగ్గర సమాధానం లేదు. అమ్మకు ఇప్పుడెలా ఉంది?

---

తణుకు పెద్దమ్మాయి:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఖమ్మం తమ్ముడూ, మీ అమ్మగారి సంగతి చదివి మా అమ్మకి కూడా వినిపించాను. "పొలంలో తడి చీరతో ఎంత బాధపడిందో" అంది.

ఆదివారం ఉదయం కొట్టు రద్దీ తగ్గాక పదకొండింటికి నాన్నను, అమ్మను ఇద్దర్నీ తీసుకుని వెళ్లాను. స్టీలు డబ్బా, ఫ్రిజ్ తలుపులోవి, దేవుడి గూట్లో అమ్మ దాచుకున్న తలనొప్పి బిళ్లలు, అన్నీ గుడ్డ సంచీలో వేసుకుని వెళ్లాం. బాబాయిగారు కౌంటర్ మీద పాత పేపరు పరిచి ఒక్కొక్కటీ తీసి పెట్టారు. మొత్తం 19 రకాలు. అందులో డాక్టరుగారు ఇప్పుడు వాడమన్నవి ఇద్దరికీ కలిపి ఎనిమిదే. నాలుగింటికి ఎక్స్‌పైరీ దాటింది.

అమ్మ సంగతి అక్కడ బయటపడింది. పొద్దున్నే లేవగానే థైరాయిడ్ బిళ్ల, కాల్షియం బిళ్ల రెండూ ఒకే గుక్కలో మింగేస్తోంది, "రెండూ పొద్దునే కదా" అని. రెండేళ్లుగా. ఈ రెండేళ్లలో థైరాయిడ్ డోసు రెండుసార్లు పెంచారు. పెద్దాయన ఇక్కడ రాయకపోయి ఉంటే నేను ఆ ప్రశ్న అడిగేదాన్ని కాదు. ఇప్పుడు కాల్షియం రాత్రి భోజనం తర్వాతకి మార్చుకుంది. ఆరు వారాల తర్వాత మళ్లీ రక్త పరీక్ష చేయించమని డాక్టరుగారు చెప్పారు. బీపీ కూడా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూశారు. మొదట 148/86, తర్వాత 138/82. అమ్మ మధ్యలో మాట్లాడబోతే బాబాయిగారు నోటి మీద వేలు పెట్టుకుని చూపించారు.

నాన్నకు డాక్టరుగారు గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాముల నుంచి 1కి తగ్గించారు. చీటీలో మందు పేరు పెద్దక్షరాల్లో రాయించుకున్నాను. రోజువారీవి నాలుగు జన ఔషధి కేంద్రంలో తీసుకున్నాం, మిగతావి కొట్టులోనే. జన ఔషధివి కూడా తెచ్చి బాబాయిగారికి చూపిస్తే ఆయనేమీ అనుకోలేదు. ప్రతి షీటు మీదా తెలుగులో రాసిచ్చారు, "టిఫిన్‌కి ముందు", "అన్నం తిన్నాక", "పరగడుపున". నాన్న ఇంటికొచ్చి లాంగ్ నోట్‌బుక్‌లో స్కేలు పెట్టి గీతలు కొట్టి పట్టిక వేశారు. మందు అసలు పేరు ఒక గడిలో, కంపెనీ పేరు ఇంకో గడిలో. రోజూ వేసుకున్నాక టిక్కు పెడుతున్నారు. ఫోన్‌లో నాకు ఫొటో పంపుతున్నారు. లెస్టర్ అన్నయ్య చెప్పినట్టు ఆదివారం షీట్లు లెక్కపెట్టిస్తున్నాను.

చివరిగా ఒక్కటి, పెద్దాయన గారూ. పాత 2 మిల్లీగ్రాముల షీట్లు ఐదు మిగిలాయి, ఎక్స్‌పైరీ ఇంకా ఏడాది ఉంది. అమ్మ "పారేయడానికి చేతులు రావట్లేదు, డబ్బు పెట్టి కొన్నవి" అని మళ్లీ డబ్బాలో పెట్టింది. ఏం చేయమంటారు?

---

నరసరావుపేట మందుల షాపు:

ఇవాళే తీయించండి అమ్మా. అసలు ఆ డబ్బాలో ఉండకూడదు. కొట్టులో కొన్నవి షీటు కోయకుండా ఉంటే బిల్లుతో సహా మీ బాబాయిగారికి ఇవ్వండి, వెనక్కి తీసుకోగలిగితే తీసుకుంటారు. మిగతావి బిళ్లలు ఒలిచి, వాడేసిన టీపొడిలో కలిపి, కవరు మూతి గట్టిగా కట్టి చెత్తబండిలో వేయండి. ఊరికే షీటుతో పారేస్తే ఎవరో ఏరుకుని వాడతారు. ఒలవడం మాత్రం అమ్మగారితో వద్దు, మీరు చేయండి. ఆవిడ ఒక షీటు దాచుకుంటుంది.